ఆకుపచ్చ చాయ చెక్క

మా నాన్నా నేనూ ఒకే రోజు, ఒకే హాల్లో, ఒకే ప్రశ్నపత్రం రాశాం. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు, ఆయనకు యాభై ఒకటి. ఇప్పుడు ఎవరికైనా చెబితే ముచ్చటపడతారు. అప్పుడు మాత్రం నాకు తల కొట్టేసినట్టుండేది.

నాన్న నేను చదివే స్కూల్లోనే వర్క్‌షాప్ టెక్నీషియన్. పందొమ్మిదేళ్లుగా అదే గది, అవే బల్లలు. అందరికంటే ముందు వెళ్లి మెషిన్లు తుడిచి, ఉలులకు పదును పెట్టి, ఏ క్లాసుకు ఎన్ని చెక్కలు కావాలో కోసి ఉంచేవాడు. పాఠం టీచరు చెప్పేవాడు, పని నాన్న నేర్పేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా రంపపుపొట్టు పేరుకుని ఉండేది. అందుకని పిల్లలు ఆయనకు పొట్టు సారు అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసి కూడా సంబరపడేవాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆయనకో విద్య ఉండేది. చెక్క ముక్కను వాసన చూసి అది ఏ చెట్టుదో చెప్పేవాడు. పిల్లలు కళ్లకు గంతలు కట్టి, ముక్కు కింద రకరకాల ముక్కలు పెట్టి పందేలు కాసేవాళ్లు. ఎన్నడూ ఓడలేదు. ఓసారి ఓ గడుగ్గాయి పెన్సిలు ముక్క పెడితే, దాని చెట్టు చెప్పి ఊరుకోకుండా, కొరికింది ఎవరో కూడా చెప్పాడు.

అలాంటి మనిషికి ఆ ఏడాది చావుకబురు లాంటి కొత్త నిబంధన వచ్చింది. మెషిన్ల గదికి బాధ్యులుగా ఉండేవాళ్లు అడ్వాన్స్‌డ్ డిజైన్ అండ్ టెక్నాలజీ పరీక్ష పాసై ఉండాలి. పాసవకపోతే వచ్చే టర్మ్ నుంచి స్టోరు గదికి వెళ్లాలి. పై తరగతి పిల్లలు రాసే పరీక్షే అది. నేను రెండేళ్లుగా చదువుతున్నదీ అదే.

"పాసైన పిల్లలందరికీ పని నేర్పింది నేనే కదా మేడమ్" అన్నాడట నాన్న.

"అందుకే మీకు తేలిగ్గా ఉంటుంది లెండి" అందట ప్రిన్సిపాల్ మేడమ్.

ఆ మాట నమ్మి నవ్వుతూ ఇంటికొచ్చాడు. ఆ ఆదివారం నేనో పాత ప్రశ్నపత్రం ఆయన ముందు పెట్టి, గడియారం చూసి రాయించాను. దిద్దాను. నూటికి ఇరవై ఏడు వచ్చాయి. కూడిక తప్పేమోనని ఆయన రెండుసార్లు కూడి చూశాడు. నేనూ చూశాను.

"ఇక్కడ చూడు నాన్నా. చిత్రిక పట్టేటప్పుడు తీసుకోవాల్సిన మూడు జాగ్రత్తలు రాయమన్నాడు. నువ్వేమో 'జాగ్రత్తగా పట్టాలి' అని రాశావు."

"అంతకంటే ఏం కావాలి?"

"చెక్కను గట్టిగా బిగించాలి, నార ఏ వైపుందో చూసుకోవాలి, పట్టే ముందు మేకులున్నాయేమో చూడాలి. మూడిటికీ మూడు మార్కులు."

"అవన్నీ కలిపితేనే కదే జాగ్రత్త!"

"ఇంకోటి. ఈ కుర్చీకి ఈ కలపనే ఎందుకు ఎంచుకున్నారో కారణాలతో సమర్థించమంటే 'అదే సరైనది' అని రాశావు. ఆరు మార్కుల ప్రశ్న ఇది."

"సరైనదే కదా మరి!"

సరైనదే. ఆయన రాసిన ప్రతి జవాబూ సరైనదే. కాకపోతే అది కాగితం మీద కాక, పక్కన నిలబడి చెక్క చేతికిచ్చి చెప్పాల్సిన జవాబు. దిద్దేవాడు పక్కన ఉండడు కదా. ఈ ముక్క ఆయనకు ఎక్కించడానికి నాకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నా సహనం కూడా అరిగిపోయింది. నా పుస్తకం ఆయనకే, నా నోట్సు ఆయనకే, నా సాయంత్రాలూ ఆయనకే. అమ్మ తన వంతుగా పాత క్యాలెండర్ల వెనకవైపు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రశ్న రాసి వంటగది అల్మరా తలుపుల నిండా అంటించింది. నాన్న మంచినీళ్లకు లేచినా ఓ ప్రశ్నకు జవాబు చెప్పి తాగాల్సిందే. చిత్రమేమిటంటే, వినీ వినీ అమ్మకే అన్నీ వచ్చేశాయి. ఆయన తల గోక్కుంటుంటే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే "థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్కండీ, ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు" అని అందించేది.

పరీక్ష సోమవారం. అంతకు ముందు బుధవారం రాయించిన ప్రశ్నపత్రంలో నాన్నకు ముప్పై ఎనిమిది వచ్చాయి. పాస్ మార్కు నలభై. రెండే మార్కులు తక్కువ, నాలుగు రోజుల టైము ఉంది. ఆ బుధవారం ఆయన ముఖం చూడాలి మీరు. వర్క్‌షాప్ తాళంచెవి జేబులోంచి తీసి, తుడిచి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

గురువారం సాయంత్రం ముగ్గురం వంటగదిలోనే ఉన్నాం. అమ్మ బల్ల దగ్గర నిలబడి చెక్క పలక మీద బీన్స్ తరుగుతోంది. నేను పుస్తకం పట్టుకుని అడుగుతున్నాను. నాన్న కుర్చీ వెనక్కి వాల్చి కళ్లు మూసుకుని చెబుతున్నాడు. కలప అధ్యాయం అంటే ఆయనకు పండగే కాబట్టి మంచి ఊపు మీదున్నాడు.

"ఆరుబయట వాడే కలప కుళ్లిపోకుండా, చెదలు పట్టకుండా ఏం చేస్తారు?"

"మందు పట్టిస్తారు. పెద్ద ట్యాంకులో పెట్టి, ఒత్తిడితో లోపలికంటా ఎక్కిస్తారు."

ఆ మాట కిందటి వారమే అల్మరా తలుపు మీద చూసి నేర్చుకున్నాడు. క్లాసుల కోసం అలాంటి కలప ఎప్పుడూ తెప్పించేవాళ్లు కాదు. మా వర్క్‌షాప్‌లో చేసేవన్నీ ఇంటి లోపల వాడే సామాన్లే.

"అలాంటి కలపను చూసి గుర్తుపట్టడం ఎలా?"

"అది నువ్వు చెప్పలేదు."

పుస్తకంలో చూసి చదివాను. "సాధారణంగా లేత ఆకుపచ్చ చాయ ఉంటుంది. చిత్రిక పట్టినా లోపలి పొరల్లోనూ ఆ చాయ కనిపించవచ్చు. ఇందులో లోహ లవణాలు ఉంటాయి. ఆహారం తగిలే వస్తువుల తయారీకి ఈ కలపను వాడకూడదు."

నాన్న కళ్లు తెరిచాడు. లేచి, అమ్మ చేతిలోని కత్తి కింద నుంచి పలక లాగేశాడు. తరిగిన బీన్స్ నేల మీద పడ్డాయి.

"అయ్యో, ఏంటండీ ఇది, సగం కూడా తరగలేదు!"

ఆయనకు వినబడలేదు. పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. అంచు మీద గోరుతో గీకాడు, వాసన చూశాడు, మళ్లీ గీకాడు. ఆ పలక మా ఇంట్లో నాలుగేళ్లుగా ఉంది. నున్నగా, చేతికి ఇంపుగా ఉండేది. దాని నిండా లేత ఆకుపచ్చ చాయ. ఇంటికొచ్చిన వాళ్లంతా ఆ రంగు చూసే ఇది ఏ చెట్టని అడిగేవాళ్లు.

ఆ చెట్టు పేరు నాన్న చెప్పలేకపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. నాలుగేళ్ల కిందట స్కూలు ఆటస్థలం చుట్టూ కొత్త కంచె వేశారు. కాంట్రాక్టరు వదిలేసి పోయిన మందపాటి చెక్క ముక్కలు నాన్న వర్క్‌షాప్‌లోకి మోసుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి వాసనకు చెట్టు దొరకలేదు. దూరదేశపు అపురూపమైన చెట్టేదో అయ్యుంటుందని తేల్చేశాడు. పొయ్యి కట్టెల్లో పారేయడానికి మనసొప్పక, స్కూలు అయిపోయాక కూర్చుని, కూరగాయలు తరిగే పలకలు చేశాడు. వెనక కాల్చిన ఇనుముతో నంబర్లు వేశాడు. ఒకటో నంబరు మా ఇంటికి. మిగతావి టీచర్లకు, ఇరుగుపొరుగుకు, చుట్టాలకు, అడిగిన వాళ్లకు, అడగని వాళ్లకు. మొత్తం ముప్పై ఏడు. మామూలు మనిషైతే కంచెకు పనికొచ్చే చెక్క అని చూసి వదిలేసేవాడు. చెక్క మీద అంత ప్రేమ ఉన్నవాడు కాబట్టే ఆ పొరపాటు నాన్న ఒక్కడే చేయగలిగాడు.

వెంటనే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి మేమూ విన్నాం.

"మందు పట్టించకుండా కంచె ఎవడు వేస్తాడండీ? ఏడాది తిరక్కుండానే కుళ్లిపోదూ? అయినా మీరు పొట్టు సారు కదా, మీకు తెలీకపోవడమేంటి?"

"తెలీదండీ" అన్నాడు నాన్న. చెక్క విషయంలో ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఫోన్ పెట్టేశాడు. నాలుగేళ్లు. మూడు పూటలా. అమ్మ వంగి, బీన్స్ ఏరి చెత్తబుట్టలో వేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

"రేపు మేడమ్‌కి చెప్పేస్తాను. పలకలన్నీ వెనక్కి తెచ్చేయాలి" అన్నాడు నాన్న.

నాకు భయమేసింది. భయం పలకల గురించి కాదు. సిగ్గు లేకుండా ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"నాన్నా, సోమవారం పరీక్ష. ఈ మూడు రోజులే మనకున్నవి. ఇప్పుడు చెబితే నిన్ను పరీక్షకు కూడా రానివ్వరేమో! మంగళవారం చెబుదాం. నాలుగేళ్లు వాడినవాళ్లకు నాలుగు రోజులు ఎక్కువా?"

"మనింట్లో ఇప్పుడే ఆపేశాం కదమ్మా. వాళ్లెందుకు వాడాలి మంగళవారం దాకా?"

పుస్తకం బల్ల మీద విసిరేసి నా గదిలోకి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున నాన్న ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వెళితే నేనూ వెంట వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. మేడమ్ ఇంట్లో ఉన్నది తొమ్మిదో నంబరు. నాన్న చెప్పిందంతా విని ఆవిడ కుర్చీలోంచి లేచింది. మా అమ్మాయికి పళ్లు దాని మీదే కోసిస్తానండీ, అంది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"పలకలు మీరు ఇవాళే వెనక్కి తీసుకోండి. కానీ ఈ సంగతి నాకు మీరు మంగళవారం చెప్పారనుకుందాం. కాగితం మీద పెడితే స్కూలు కమిటీకి పంపక తప్పదు నాకు. వాళ్లు ఏం చేస్తారో నేను చెప్పలేను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకో నాన్నా, ఒప్పుకో అని లోపల్లోపలే మొక్కుకున్నాను.

"వర్క్‌షాప్‌లోకి వచ్చిన మొదటి రోజు పిల్లలకు నేను చెప్పేది ఒకటే మేడమ్. చెయ్యి తెగితే దాచుకోకండి, ఆ క్షణమే చెప్పండి అని" అంటూ నాన్న జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున్నే లేచి రాసుకున్నాడట. కారణాలతో సహా. నెలన్నర నేను తల బాదుకున్నా రాయనివాడు, తన తప్పును మాత్రం కారణాలతో సమర్థంగా రాసిపెట్టాడు.

శని, ఆదివారాలు మా రివిజన్ స్కూటర్ మీద జరిగింది. ఆయన నడుపుతుంటే వెనక కూర్చుని నేను ప్రశ్నలు అడిగేదాన్ని. కోపంగానే అడిగేదాన్ని. "థర్మోప్లాస్టిక్‌లు మూడు చెప్పు" అంటే సందు మలుపులో హారన్ కొట్టి మరీ చెప్పేవాడు. ఇంతలో ఇల్లొచ్చేది. దిగి, తలుపు కొట్టి, ముందు చెప్పులు విప్పి, తర్వాత సంగతి విప్పేవాడు. స్కూలు డాక్టరును అడిగి తెలుసుకున్న మాటలు ప్రతి ఇంట్లోనూ పొల్లుపోకుండా చెప్పేవాడు. దీనివల్ల పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు, కానీ వాడకూడదు, ఎవరికైనా అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోండి, నేను దగ్గరుండి తీసుకెళ్తాను. ఆ చివరి మాట డాక్టరుది కాదు.

నేనైతే జనం తిడతారనుకున్నాను. కొందరు తిట్టారు కూడా. లెక్కల టీచరు తలుపు మొహాన వేసి, పలకను కిటికీలోంచి అందించాడు. కానీ ఎక్కువ మంది పలక ఇవ్వడానికే ఇష్టపడలేదు. అదీ విచిత్రం. మా వీధి చివర దర్జీ ఆవిడ పలకను వెనక దాచుకుని వాదనకు దిగింది.

"మందు పెట్టింది చెదలకు కదండీ? నేనేమన్నా చెదపురుగునా?"

"కాదమ్మా, కానీ..."

"ఇంత నున్నటి పలక నాకు మళ్లీ ఎవరు చేసిస్తారు?"

"నేను చేసిస్తాను. ఈసారి పేరు తెలిసిన చెట్టుతో."

బస్సు డ్రైవరు ఇంట్లో పలక ఒక్కరోజు కూడా వంటగది ముఖం చూడలేదు. టీవీ కింద ఎత్తు కోసం పెట్టారు. నాన్న పలకనూ టీవీనీ మార్చి మార్చి చూసి, ఆ ఇంట్లో మాత్రం హాయిగా నవ్వాడు. తను చేసిన వస్తువు వాడలేదని సంతోషించడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఆదివారం పొద్దు వాలేసరికి ముప్పై అయిదు పలకలు తెచ్చి వర్క్‌షాప్‌లో పెట్టి తాళం వేశాం. మా ఇంటిది కలిపితే ముప్పై ఆరు. రెండో నంబరు ఒక్కటే మిగిలింది. నాన్న దాన్ని చివరికి ఎందుకు వదిలాడో నాకు తెలుసు. ఆ పలక మా మేనత్తది.

అత్త నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. మామయ్యకు కిడ్నీలు పాడైపోయి, ఏళ్ల తరబడి వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు ఆస్పత్రికి తీసుకెళ్లేది. ఆయన తినే కూర చిన్న చిన్న ముక్కలు తరిగి, ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, మళ్లీ మంచినీళ్లలో ఉడికించి పెట్టేది. రోజుకు రెండు పూటలా అదే పని. కిందటేడాది మామయ్య పోయాడు.

నాన్న గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. మిగతా ఇళ్లలో చెప్పిన మాటలే, కానీ మధ్య మధ్య ఆగుతూ. అత్త లోపలికెళ్లి పలక తెచ్చింది. మధ్యలో కత్తిగాట్లతో గుంట పడి ఉంది. ఇవ్వబోయిన చెయ్యి ఆగిపోయింది.

"అన్నయ్యా" అంది. "అందుకేనా?"

కాదు అంటే సరిపోయేది. ఒక్క మాట. నేను ఆయన మోచేయి పట్టుకుని గట్టిగా నొక్కాను కూడా.

"తెలీదు చెల్లీ" అన్నాడు నాన్న. "నాకు తెలీదు."

అత్త ఆయన ముఖంలోకి అలాగే చూసింది. పలకను రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది.

"ఇది నేనివ్వను. వెళ్లండి."

తలుపు పడింది. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద నేను ప్రశ్నలు అడగలేదు. ఆయనా అడగమనలేదు.

సోమవారం పరీక్ష రాశాం. నాకంటే రెండు వరసలు ముందు కూర్చున్నాడు. పెన్సిలు ఉలితో చెక్కుకొచ్చాడని హాల్లో పిల్లలు నవ్వుకున్నారు. మామూలుగా అయితే నేను సిగ్గుతో చచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం ఆయన వీపు వైపే చూస్తూ, చెయ్యి కదులుతోందా లేదా అని కాపలా కాశాను. కదులుతూనే ఉంది. రెండు నెలలకు ఫలితాలొచ్చాయి. నాకు డెబ్బై ఆరు. నాన్నకు నలభై మూడు. అమ్మ ఆ నలభై మూడును ఊరందరికీ చెప్పింది, నా డెబ్బై ఆరు ఎవరికీ చెప్పలేదు.

కానీ ఈలోపే కమిటీ నుంచి ఉత్తరం వచ్చి ఉంది. పలకలు అందుకున్న ప్రతి ఇంటి నుంచీ, మాకు విషయం తెలియజేశారు, ఈయన మీద మాకు ఫిర్యాదు లేదు అని సంతకం తీసుకురావాలి. అన్ని సంతకాలూ ఉంటే ఆయన వర్క్‌షాప్‌లోనే ఉంటాడు. ఒక్కటి తగ్గినా విషయం పై ఆఫీసుకు వెళుతుంది. అది తేలేదాకా మెషిన్ల గదిలో అడుగు పెట్టకూడదు, ఆ చోట్లో ఇంకొకరిని వేస్తారు. కాగితం ఇచ్చింది ఆయన, తప్పు ఒప్పుకుంది ఆయన. నోరు మూసుకుని ఉంటే నలభై మూడు మార్కులతో దర్జాగా ఉండేవాడు. ఆ ఉత్తరం చదివి నేను తల గోడకేసి కొట్టుకున్నంత పని చేశాను.

లెక్కల టీచరుతో సహా అందరూ సంతకం పెట్టారు. అత్త పెట్టలేదు. అమ్మ రెండుసార్లు వెళ్లి అడిగితే, చూద్దాంలే వదినా అని కాఫీ ఇచ్చి పంపింది. నాన్నను వెళ్లమంటే వెళ్లనన్నాడు.

"దాని బాధ దానిది. నా ఉద్యోగం కోసం దాని గుమ్మం తొక్కమంటారా?"

ఆ రెండు నెలల్లో ఆయన సగమయ్యాడు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. మామయ్య పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఇలా ఉండగా కమిటీ సమావేశం రేపనగా, మధ్యాహ్నం వేళ, నేను ఎవరికీ చెప్పకుండా కాగితమూ పెన్నూ పట్టుకుని అత్త ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను.

అత్త తలుపు తీసి నన్ను చూసి, లోపలికి నడిచింది.

"మీ నాన్న పంపాడా?"

"లేదత్తా. నాకై నేనే వచ్చాను."

"సంతకానికేగా?"

కూడబలుక్కున్నవన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. నాన్న తెలిసి చేశాడా అన్నాను. పందొమ్మిదేళ్లు అన్నాను. ఆ గది లేకపోతే ఆయన బతకడు అన్నాను. ఊళ్లోవాళ్లంతా పెట్టారు, సొంత చెల్లెలివి నువ్వే పెట్టకపోతే ఎలా అన్నాను. నా గొంతు పెరిగిపోతోందని నాకే తెలుస్తోంది. అత్త లేచి లోపలి గదిలోకి వెళ్లింది. ఇక అయిపోయింది, వెళ్లగొడుతుంది అనుకున్నాను. ఆవిడ ఆస్పత్రి ఫైలు ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మొదటి కాగితం మీద తారీఖు చదువు."

చదివాను. మామయ్యకు కిడ్నీలు పాడయ్యాయని రాసిన రిపోర్టు అది. ఆరేళ్ల కిందటిది. మాకు మాత్రం ఆ సంగతి చాలా ఆలస్యంగా, ఆస్పత్రికి తిరగడం మొదలయ్యాకే తెలిసింది.

"పలక ఎప్పుడిచ్చాడు మీ నాన్న?"

"నాలుగేళ్ల కిందట."

"ఆ ఆదివారం మీరటు వెళ్లగానే తీసి చూశాను. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లి కూడా అడిగాను. ఆ పలక ఉన్నా లేకపోయినా మామయ్య జబ్బు అంతేనన్నాడు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, వంటగదిలో నాన్న పలక లాగేసిన రోజు కూడా నేనంత అదిరిపోలేదు.

"అంటే... మర్నాడే తెలుసా నీకు? రెండు నెలల నుంచి తెలుసా? నాన్న అన్నం తినడం లేదత్తా! మామయ్యను తనే చంపేశానని కుమిలిపోతున్నాడు!"

"తెలుసే."

"తెలిసి ఎలా ఊరుకున్నావు?"

అత్త ఫైలు నా ఒళ్లోంచి తీసుకుని, కాగితాల అంచులు సరిచేసింది.

"మీ మామయ్య పోయినప్పుడు అందరూ ఒకటే మాట. ఎవరి తప్పూ లేదమ్మా అని. డాక్టర్లు అదే అన్నారు, వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ అదే అన్నారు, మీ నాన్నా అదే అన్నాడు. ఏడాదంతా ఎవరి మీద కోపపడాలో తెలీక నాకు పిచ్చెక్కినట్టుండేది. గోడల మీద కోపపడ్డాను, గిన్నెల మీద కోపపడ్డాను. అప్పుడు మీ నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే వాడిని తిట్టుకుంటున్నాను. తిట్టుకుంటే కాస్త అన్నం పోతోంది. నిద్ర కూడా పడుతోంది."

"కానీ నాన్న ఏం చేశాడత్తా?"

"ఏమీ చేయలేదు. వాడైతే పడతాడు, అంతే. చిన్నప్పటి నుంచీ నా కోపం వాడే పడ్డాడు. ఇంకెవరు పడతారు నాకు?"

అత్తను తిట్టాలో, పట్టుకుని ఏడవాలో తెలియలేదు. నాకు పద్దెనిమిదేళ్లు, డెబ్బై ఆరు మార్కులు వచ్చాయి, అలాంటి ప్రశ్న మాత్రం ఏ పాత పేపర్లోనూ చూడలేదు.

అత్త నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. కాగితాన్ని ఫైలు మీద పెట్టుకుని, ముప్పై అయిదు సంతకాల కింద తన పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది.

"మీ నాన్నకు తారీఖు సంగతి ఇప్పుడే వెళ్లి చెప్పు. తినమని చెప్పు" అంది.

పెన్నుకు మూత పెట్టి నాకిచ్చింది.

"ఇక రేపటి నుంచి మళ్లీ ఎవరి తప్పూ లేదు."